పొగాకు కట్టడి - బాలుర చేతి బీడీ



పొగాకు మన నేల పుట్టువు గాదు. పోర్చుగీసు వర్తకులు దానిని దక్కనునకు దెచ్చిరి. బీజాపురమునకు రాయబారిగా వచ్చిన అసద్‌బేగు 1604 ప్రాంతమున దానిని అక్బరు కొలువునకు గొనిపోయెను. ఆ ఏటనే ఇంగ్లండు రాజు జేమ్సు పొగాకును దూషించుచు గ్రంథము వ్రాసి, దానిపై సుంకమును మిక్కుటముగ బెంచెను. 1617లో జహంగీరు పాదుషా పొగ త్రాగరాదని యాజ్ఞాపించెను. ఆజ్ఞ మరుగుపడినది, పొగ మాత్రము నిలిచినది.

బాలురకు బొగాకు నమ్మరాదను విధి దేశమంతటికి 2003నాటి చట్టముతో నేర్పడెను. పదునెనిమిదేండ్లు నిండనివారికి నమ్మరాదు. విద్యాలయమునకు 100 గజములలోపల నంగడి యుండరాదు. ఇవి 2004లో నమలునకు వచ్చినవి. తప్పినవానికి జరిమానా 200 రూపాయలు మించదు! 2013లో మన రాష్ట్రమున గుట్కా నిషిద్ధమైనది. 2016 నుండి పెట్టెపై నూటికి 85 పాళ్లు హెచ్చరిక బొమ్మ యుండవలెనని నిర్ణయమైనది.

ఫలము లేదనరాదు. పదమూడు మొదలు పదునైదేండ్ల విద్యార్థులలో బొగాకు వాడువారు 2009లో నూటికి 14.6గ నుండి, 2019 నాటికి 8.5కు దిగిరి. ఇదంతయు చట్టము చలువయే యని నేననజాలను. ఏలయన, ఆ 2019 లెక్కలోనే బీడీ ద్రాగిన బాలురలో నూటికి 47గురు పదేండ్లు నిండకమునుపే మొదలిడిరని తేలినది.

ఇచ్చటనే మన పెద్దపల్లి, కరీంనగరము సీమల ప్రస్తావన వచ్చుచున్నది. అడవి పల్లెలవారు వేసవిలో దునికాకు గోయుదురు. ఇంటింట స్త్రీలు చాట నొడిలో బెట్టుకొని బీడీలు చుట్టుదురు. వారి కూటికి హాని రారాదని ప్రభుత్వములు బీడీయెడల మెత్తన వహించినవి. 2017లో జీఎస్టీ వచ్చినపుడు సిగరెట్టుపై వేసిన యదనపు సెస్సును బీడీపై వేయలేదు. 2025 సెప్టెంబరులో బీడీపన్నును నూటికి 28 నుండి 18కి, ఆకుపన్నును 18 నుండి 5కు దగ్గింప నిశ్చయించిరి. చుట్టెడి తల్లులయెడ దయ తగినదే. కాని పన్ను తగ్గిన సరుకు బాలునకును జవుకయే గదా! పైగా వాడు కట్ట గొనడు, ఒక్క బీడీయే గొనును. హెచ్చరిక బొమ్మ కట్టమీదనే యంగడిలో నుండిపోవును.

2015నాటి బాలల న్యాయచట్టము బాలునకు బొగాకు నిచ్చినవానికి ఏడేండ్లవరకు గఠినశిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చుననుచున్నది. బాలునకు నమ్ముటకు ఒక చట్టమున రెండువందలు, వేరొకట నేడేండ్లు! అంగడివానికి ఈ రెండవదానిని జదివి వినిపించినవారు మన యూళ్లలో నెందరు?