తారాజువ్వకు రెక్కలొచ్చిన కథ

పిట్టలవానిపాలెం నుంచి బాపట్ల చేరి, సముద్రం దారి పడితే సూర్యలంక వస్తుంది. అక్కడి వైమానిక దళ స్థావరం నుంచే 2020 చివర్లో ఆకాశ్ క్షిపణులను పరీక్షగా ప్రయోగించారు. ఇంత దగ్గర్లో క్షిపణులు లేస్తున్నా, ఈ పల్లెల్లో పిల్లవాడికి తెలిసిన మొదటి రాకెట్ దీపావళి తారాజువ్వే. ఇప్పుడు పెట్టెల్లో వస్తున్న మోడల్ రాకెట్ కిట్‌కు కూడా పుట్టిల్లు బాణసంచానే.

మన దగ్గర ఆ బాణసంచా పాతదే. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి సంబరాల్లో దాన్ని చూసి రాసిపెట్టాడు. 1515లో కృష్ణరాయలు గెలుచుకునేదాకా మన దగ్గరి కొండవీడు గజపతి రాజుల చేతిలో ఉండేది. వారిలో ప్రతాపరుద్రుడి పేరున ఉన్న ‘కౌతుక చింతామణి’ అనే సంస్కృత గ్రంథంలో బాణసంచా మందుల పాళ్లున్నాయి. సూరేకారం, గంధకం, బొగ్గు: అప్పటికీ ఇప్పటికీ సరుకు అదే. మైసూరు సైన్యం ఆ మందును ఇనుప గొట్టాల్లో కూరి ఇంగ్లీషువాళ్ల మీదికి వదిలింది. అది వేరే కథ.

కిట్ పుట్టింది మాత్రం అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్ అనే చిన్న ఊళ్లో. ఆర్విల్ కార్లైల్‌ది అక్కడ చెప్పుల కొట్టు. బాణసంచా అంటే ఆయనకు పిచ్చి. సోదరుడు రాబర్ట్‌కు బొమ్మ విమానాల పిచ్చి. రెండూ కలిసి 1954లో ‘రాక్-ఎ-చూట్’ అయింది. కాగితపు గొట్టం, తేలికైన బాల్సా చెక్క రెక్కలు, మందు కూరిన, వాడాక మార్చుకునే చిన్న మోటారు, పైకెళ్లాక విచ్చుకునే పారాచూట్. తారాజువ్వ ఒక్కసారే ఎగురుతుంది, ఇది మళ్లీ మళ్లీ ఎగురుతుంది.

ఇనుప గొట్టాల్లో సొంతంగా మందు కూరి పిల్లలు గాయపడుతున్నారని హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజనీరు 1957లో పత్రికలో రాస్తే, కార్లైల్ తన రాకెట్లను ఆయనకు పంపాడు. ఆ అక్టోబరులో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరేసరికి కుర్రాళ్లందరికీ రాకెట్ల మీద మనసు పోయింది. స్టైన్ పెట్టిన కంపెనీకి మోటార్లు చాలలేదు. బాణసంచా వ్యాపార కుటుంబంలో పుట్టిన వెర్న్ ఎస్టెస్ ఒక యంత్రం కట్టి, దానికి ‘మేబెల్’ అని పేరు పెట్టాడు. అయిదున్నర సెకన్లకో మోటారు వచ్చేది! తర్వాత ఆయనే కిట్లు అమ్మడం మొదలుపెట్టాడు. నా లెక్కలో ఈ విద్యకు అసలు మేలు చేసింది ఆ యంత్రమే. మందు కూరే పని పిల్లల చేతిలోంచి తప్పించింది.

కిట్‌ను ఉన్నదున్నట్టు అతికించేవాళ్లు తక్కువ. గొట్టం పొడుగు చేస్తారు, రెక్కలు మారుస్తారు. ఇక్కడే తారాజువ్వ పుల్ల గుర్తుకు రావాలి. దాన్ని విరిచేస్తే జువ్వ ఎటుపడితే అటు దూసుకుపోతుంది. పుల్ల చేసే పనినే రాకెట్‌లో రెక్కలు చేస్తాయి. బరువు తూగే చోటు ముందు, గాలి ఒత్తిడి పనిచేసే చోటు వెనక ఉండాలి. ఈ రెండింటి మధ్య ఎడం కనీసం గొట్టం వ్యాసమంత అయినా ఉండాలి. పరీక్ష సులువు. మోటారు పెట్టి, తూగే చోట దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుండి తిరిగితే సరే, లేకపోతే ముక్కులో కాస్త మట్టిముద్ద పెట్టాలి. రెక్కలు మరీ పెద్దవైతే రాకెట్ గాలికి ఎదురు తిరుగుతుంది. సముద్రపు గాలి వీచే మన పొలాల్లో పెద్ద పారాచూట్ కట్టినా చిక్కే, పక్క ఊరి తాటిచెట్టు మీద వెతుక్కోవాలి. పారాచూట్ నడుమ చిన్న బెజ్జం పెడితే అంతదూరం పోదు.

సొంతంగా మోటారు చేసే జోలికి మాత్రం పోవద్దు. లైసెన్సు లేకుండా మందు తయారుచేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం కూడా. మోటారు దొరకలేదా, ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, దూరంగా నిలబడి వదలండి. దానికీ రెక్కలు కావాలి, దారం పరీక్షా కావాలి.