ముల్లర్: పని వదిలిపోయింది, పేరు మిగిలింది

కులం పేర్ల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "ఇంగ్లండులో స్మిత్‌లు ఉన్నారు, జర్మనీలో ముల్లర్‌లు ఉన్నారు. అవీ వృత్తి పేర్లే కదా! మన దగ్గరే ఎందుకింత గొడవ?" విద్యార్థి సంఘాల సమావేశాల్లో, సోషల్ మీడియాలో ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. దీనికి చరిత్రతోనే జవాబు చెప్పాలి. అందుకే ముల్లర్ అనే ఇంటిపేరు ఎలా పుట్టింది, దాని అర్థమేమిటి, అంతమందికి ఎలా చేరింది అన్నది ఇక్కడ చూద్దాం.

అర్థం, పుట్టుక

ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు. మరను లాటిన్‌లో 'మొలీనా' అనేవారు. జర్మన్ మాట దాని నుంచే వచ్చింది. ప్రాంతాన్ని బట్టి ఈ పేరు రూపం మారుతుంది. ఉత్తర జర్మనీలో మోలర్, నెదర్లాండ్స్‌లో ముల్డర్, మోలెనార్. లాటిన్ మోజులో మార్చుకున్నవాళ్లు మోలిటర్ అయ్యారు. అమెరికాకు వలస వెళ్లిన ముల్లర్‌లలో చాలామంది అక్కడ మిల్లర్‌లుగా మారారు.

మధ్యయుగాల తొలినాళ్లలో జర్మన్ ప్రాంతాల్లో సామాన్యులకు ఒక్క పేరే ఉండేది. పట్టణాలు పెరిగి, ఒకే వీధిలో నలుగురు యోహాన్‌లు, ఐదుగురు హైన్రిష్‌లు తయారయ్యాక ఆ ఒక్క పేరు చాల్లేదు. పన్ను చిట్టాల్లో, భూమి పత్రాల్లో మనిషిని గుర్తుపట్టడానికి రెండో మాట కావలసి వచ్చింది. సుమారు 12వ శతాబ్దం నుంచి మొదలై కొన్ని వందల ఏళ్లలో ఈ రెండో మాటలు స్థిరపడ్డాయి. మొదట్లో అవి చేసే పనికి నిజమైన గుర్తులే. కాలం గడిచాక తండ్రి నుంచి పిల్లలకు వచ్చే ఇంటిపేర్లయ్యాయి.

ఎందుకు ఇంతమంది?

నేడు జర్మనీలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్. వందమందిలో దాదాపు ఒకరిది ఇదే పేరు. స్విట్జర్లాండ్‌లోనూ మొదటి స్థానం దీనిదే. జర్మనీలో తర్వాతి స్థానాల్లో ష్మిట్ (కమ్మరి), ష్నైడర్ (దర్జీ), ఫిషర్ (చేపలు పట్టేవాడు), వేబర్ (నేతగాడు) ఉన్నాయి. అన్నీ వృత్తి పేర్లే.

కారణం తేలికగానే అర్థమవుతుంది. రొట్టె తినే దేశంలో పిండిమర లేకుండా ఊరు నడవదు. అందరూ దున్నేవాళ్లే ఉన్న ఊళ్లో 'రైతు' అంటే ఎవరో తెలియదు. మర నడిపేవాడు మాత్రం సాధారణంగా ఊరికి ఒక్కడే. కాబట్టి ఆ మాట గుర్తుగా బాగా పనికొచ్చింది. అలా ఎన్నో ఊళ్లలో, ఒకరితో ఒకరికి చుట్టరికం లేని కుటుంబాలకు ఇదే పేరు పడింది.

పేరు వెనక అవమానం

ఈ పేరుకు ఒకప్పుడు మచ్చ కూడా ఉండేదన్న సంగతి చాలామందికి తెలియదు. జర్మన్ ప్రాంతాల్లో కొన్ని వృత్తులవాళ్లను 'ఉన్‌ఎర్లిష్', అంటే గౌరవం లేనివాళ్లు, అనేవారు. తలారులు, చచ్చిన పశువుల తోలు ఒలిచేవాళ్లు ఇందులో అట్టడుగున ఉండేవారు. వాళ్లను తాకిన చేతిపనివాణ్ణి అతని వృత్తి సంఘం వెలివేసిన సందర్భాలున్నాయి. అనేక ప్రాంతాల్లో నారబట్ట నేసేవాళ్లు, గొర్రెలకాపరులు, క్షురకులు, మర నడిపేవాళ్లు కూడా ఈ జాబితాలో ఉండేవారు. వాళ్ల పిల్లలకు వృత్తి సంఘాల్లో ప్రవేశం ఉండేది కాదు. సంఘంలో చోటు లేకపోతే ఆ పని నేర్చుకునే దారి, పట్టణంలో గౌరవంగా బతికే దారి మూసుకుపోయినట్టే.

మరవాళ్ల మీద ఈ చిన్నచూపు ఎందుకు? చాలా మరలు ప్రభువుల సొత్తు. ఆ ఊరి రైతులు ఆ మరలోనే ధాన్యం ఆడించాలన్న నిర్బంధం చాలా చోట్ల ఉండేది. కూలి కింద ధాన్యంలోనే వాటా తీసేవారు. ప్రభువు మీద చూపలేని కోపం మర నడిపేవాడి మీదికి మళ్లింది, 'దొంగ' అన్న ముద్ర పడింది. కొన్ని చోట్ల ఉరికంబానికి నిచ్చెన సమకూర్చే బాధ్యత కూడా వాళ్ల నెత్తినే పెట్టారు.

1548లో సామ్రాజ్య శాసనం ఒకటి నారబట్ట నేతగాళ్లను, గొర్రెలకాపరులను, మరవాళ్లను, వాళ్ల పిల్లలను సంఘాల నుంచి దూరం పెట్టకూడదని చెప్పింది. 1577లో అదే మాట మళ్లీ చెప్పవలసి వచ్చింది. 1731లో మరోసారి. మూడుసార్లు చెప్పారంటే మొదటి రెండుసార్లు సంఘాలు ఎంతవరకు విన్నాయో ఊహించుకోవచ్చు. ఆ 1731 శాసనం కూడా తోలు ఒలిచేవాళ్లను మాత్రం గడప బయటే ఉంచింది. చచ్చిన పశువును ఎత్తే చేతులకు అక్కడా ఆఖరి వరుసే దక్కింది.

ఇంటిపేరు గౌరవమైనదైనా మనిషికి గౌరవం దక్కాలనేమీ లేదు. న్యూరెంబర్గ్ తలారి ఫ్రాంజ్ ష్మిట్ ఇంటిపేరుకు అర్థం కమ్మరి. అతని తండ్రిని ఒక ప్రభువు బలవంతంగా తలారిని చేశాడు. ఆ మచ్చ కొడుక్కీ వచ్చింది. నాలుగు దశాబ్దాలు ఆ పని చేసి మానుకున్నాక, 1624లో ఫ్రాంజ్ తన కుటుంబానికి గౌరవం తిరిగి ఇవ్వమని చక్రవర్తికే అర్జీ పెట్టుకుని సాధించుకున్నాడు.

ముడి ఎలా విడిపోయింది?

19వ శతాబ్దంలో వృత్తి సంఘాల పెత్తనం కూలింది. 1810లో ప్రష్యాలో, 1869 చట్టంతో ఉత్తర జర్మన్ రాజ్యాలన్నిటిలో, ఎవరైనా ఏ వృత్తైనా చేపట్టే హక్కు వచ్చింది. మరల మీద ప్రభువుల గుత్తాధికారమూ పోయింది. పేరుకూ పనికీ మధ్య ముడి అంతకుముందే వదులవుతూ వచ్చింది. దానికి మనకు తెలిసిన ఉదాహరణే ఉంది. రుగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా అచ్చువేయించిన మాక్స్ ముల్లర్ (1823–1900) ఇంటిపేరు మరవాడిది. తాత చేసిన పని దర్జీ పని. తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ కవి. ఏ గ్రంథాన్ని శూద్రులు వినకూడదని ధర్మశాస్త్రాలు శాసించాయో, దాన్ని ఒక దర్జీ మనవడు లోకానికి అచ్చులో అందించాడు. 2009లో నోబెల్ సాహిత్య బహుమతి పొందిన హెర్టా ముల్లర్ పేరు వినగానే ఆమె తాతలు ఏం పని చేశారని అక్కడెవరూ ఆరా తీయరు.

అలాగని జర్మనీలో పేర్లు ఎప్పుడూ అమాయకంగా ఉన్నాయని కాదు. 1938లో నాజీ ప్రభుత్వం, పేరు చూడగానే యూదులని తెలియనివాళ్లంతా మగవాళ్లయితే 'ఇజ్రాయెల్', ఆడవాళ్లయితే 'సారా' అని తగిలించుకోవాలని ఆదేశించింది. వేరుచేయదలచిన రాజ్యానికి పేరే ఆయుధమైంది.

మన దగ్గరి తేడా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తెలుగువాళ్ల ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్లే. చాలాసార్లు ఇంటిపేరును బట్టి కులం తెలియదు. తెలియకపోతే "మీరేమిట్లు?" అని అడిగి మరీ తెలుసుకుంటారు. ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. చరిత్రకెక్కింది మాత్రం చాకలి ఐలమ్మగా. ఆమె భూమి కోసం దొరతో పోరాడినా, కులం పేరు ఆమె పేరును వదల్లేదు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమంలో ఎందరో తమ పేరు చివర 'మాదిగ' అని సగర్వంగా రాసుకున్నారు. తిట్టుగా వాడిన మాటనే తలెత్తుకునే మాటగా మార్చారు. ముల్లర్‌లకు అలాంటి అవసరం నేడు లేదు.

పని విభజన వేరు, పనిచేసేవాళ్ల విభజన వేరని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. ముల్లర్ చరిత్ర ఆ తేడాను చూపిస్తుంది. వృత్తి మారే స్వేచ్ఛ, అడ్డులేని పెళ్లిళ్లు, సంఘాల తలుపులు తెరిపించిన చట్టాలు కలిసినచోట వృత్తి పేరు ఉత్త శబ్దంగా మిగిలింది. మన దగ్గర మురుగుగుంటల్లోకి నేటికీ ఏ కులాలవాళ్లు దిగుతున్నారో చూస్తే ఆ ముడి ఎంత గట్టిగా ఉందో తెలుస్తుంది. కాబట్టి "ముల్లర్ కూడా వృత్తి పేరే కదా" అన్నవాళ్లను మనం తిరిగి అడగవలసింది ఒక్కటే: ఆ పని చేసినవాళ్ల పిల్లలకు అక్కడ తెరుచుకున్న తలుపులు ఇక్కడ ఎప్పుడు తెరుస్తారు?