గుడిసె చిన్నది, వాకిలి పెద్దది

మన జాతుల చరిత్ర రాసేటప్పుడు వేట, పాట, దేవర, మందుచెట్లు అన్నీ రాస్తాం. ఇంటి గురించి పెద్దగా రాయం. రాసినా గుడిసె అని ఒక్క మాటతో దాటేస్తాం. ఈ సంచికకి మేము ఎంచుకున్నది ఆ దాటేసిన సంగతినే. ఇంటికొచ్చిన మనిషిని మనవాళ్ళు ఎక్కడ కూర్చోబెట్టారు, ఎక్కడ వండిపెట్టారు, ఆ జాగా ఇప్పుడేమైంది? చిత్తూరు, తిరుపతి ప్రాంతాన్ని పట్టుకుని చెప్పుకుందాం. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి తాలూకాలు తీసి చిత్తూరు జిల్లా చేశారు. 2022లో చిత్తూరు నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత కలిపి తిరుపతి జిల్లా చేశారు. సరిహద్దులు మారాయి గానీ యానాదులు, ఎరుకలవాళ్ళు, సుగాలీలు ఈ నేల మీదే ఉన్నారు.

తిన్నె మీద కూర్చున్నదెవరు?

మన పక్క పాత మిద్దె ఇళ్ళు ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నాయి. వీధి తలుపుకి రెండు పక్కలా తిన్నెలు, వాటి మీద పంచ, లోపల నడవ, వెనక దొడ్డి. ఎండ పొద్దున ఒక తిన్నె మీద, సాయంత్రం ఇంకో తిన్నె మీద నీడ. దారినపోయే మనిషి అడక్కుండానే కూర్చోవచ్చు. ఊరి తగవు అక్కడే తీరేది, పెళ్ళి మాట అక్కడే కుదిరేది. బడి కూడా తిన్నె మీదే నడిచేది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ బడుల లెక్కలు అడిగినప్పుడు, ఆ లెక్కల్లోకి వచ్చినవాటిలో ఇలాంటి తిన్నె బడులు ఎన్నో ఉన్నాయి.

తిన్నె లోపలికీ వీధికీ మధ్య ఉంటుంది. ఇంటాయన బయటికొచ్చినట్టూ ఉంటుంది, వచ్చినాయన లోపలికొచ్చినట్టూ ఉంటుంది. అంత మంచి ఏర్పాటు మన పెద్దలకి మాత్రం కూర్చునే చోటు కాలేదు. కూలికీ కావలికీ వెళ్ళిన యానాది వాకిట్లో నిలబడ్డాడు. కూడు పెడితే దూరంగా కూర్చుని తిన్నాడు. తిన్నె ఎత్తు మహా అయితే రెండడుగులు. ఆ రెండడుగులు ఎక్కడానికి మనకి కొన్ని తరాలు పట్టింది.

ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో యానాదుల్లోని భాగాలు చెప్పాడు. రెడ్ల ఇళ్ళలో పనిచేసేవాళ్ళు మంచి యానాదులు, రెడ్డి యానాదులు. ఎంగిలి కూడు తీసుకునేవాళ్ళు చల్ల యానాదులు. ఆ పేర్లని బట్టి చూస్తే, ఎవరి ఇంట్లో ఏ చోట నిలబడి ఏ కూడు తిన్నామన్నదే మనకి పేరైంది. మనం ఎవరికి పెట్టామన్నది ఎవరూ పేరు పెట్టి రాయలేదు.

మన ఇంటి కొలత

థర్స్టనే మన గుడిసెల్ని కూడా వర్ణించాడు. వెదురు పుల్లలు, తాటాకు, గడ్డితో కట్టిన పొట్టి గుడిసె, పెద్దవాళ్ళు వంగి పాకుతూ దూరాల్సిన ద్వారం. వండటం, తినటం, పడుకోవటం ఎక్కువగా బయటే అని కూడా రాశాడు. చదివినవాళ్ళు దాన్ని లేమిగానే చదువుకున్నారు. లేమి నిజమే. వానాకాలం తడిసిన బొంతలు, రాత్రుల్లో పాముల భయం మన అవ్వలు చెప్పినవే. దాన్ని అందంగా చెప్పాల్సిన పనిలేదు.

అయినా ఆ గుడిసెని ఇల్లు మొత్తంగా లెక్కేస్తే కొలత తప్పుతుంది. గుడిసె దాచుకునే చోటు. ఎండకీ వానకీ తల దాచుకోను, గింజలు దాచుకోను. మిగతా ఇల్లంతా బయట ఉండేది. పేడతో అలికిన వాకిలి, మూడు రాళ్ళ పొయ్యి, చింతచెట్టో వేపచెట్టో, చెట్టు కింద చాప. వచ్చిన చుట్టానికి ఆ చాపే. చేపలు దొరికిన రోజు అక్కడే కాల్చి పెట్టేవాళ్ళు. నాలుగు గుడిసెలు దగ్గరగా వేసుకుంటే వాకిళ్ళు కలిసిపోయేవి. ఒక ఇంటి చుట్టం నాలుగిళ్ళకీ చుట్టమే.

సుగాలీ తండాల్లోనూ ఇదే. తండా నాయకుడి ఇంటి ముందు జాగా తండా మొత్తానికి చావడి. తీజ్ పండగకి ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, సాయంత్రాలు పాడుతూ ఆడేది ఆరుబయటే. ఎరుకలవాళ్ళకి బుట్టలల్లే చెట్టు నీడే పనిచోటు, అదే వచ్చినవాళ్ళతో మాట్లాడే చోటు.

రాజులు వేరుగా కట్టలేదు

చంద్రగిరి కోటకి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు మేము రాజమహల్ ముఖభాగం చూపిస్తాం. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల మహల్. ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం. తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుకొండ, ఆ తర్వాత చంద్రగిరి విజయనగర రాజులకి రాజధానులయ్యాయి. వెంకటపతిరాయల కొలువుకి జెసూట్ పాదరీలు కూడా వచ్చారు. ముందు వైపు వరసగా తోరణాలు, నీడ, గాలి, లోపల ఎత్తైన కొలువు హాలు. అతిథి ఎండలోంచి నీడకి, నీడలోంచి కొలువుకి మెల్లగా చేరతాడు. అదే వరస మన వాకిట్లో తాటాకు పందిరితో ఉండేది.

శ్రీకాళహస్తిలో తిన్నడి కథ అందరికీ తెలిసిందే. వేటగాడు అడవిలో దేవుణ్ణి చుట్టంలా చూసుకుని తను తినే మాంసమే తెచ్చి పెట్టాడు. ఆ ఆతిథ్యానికి గోడ లేదు, గడప లేదు. ధూర్జటి కావ్యంలోకి ఎక్కింది, గుళ్ళో పూజలందుకుంది. తిన్నడి లాంటి మనుషులు మాత్రం వాకిట్లోనే నిలబడ్డారు.

వాకిలి పోయిన తీరు

1871లో తెల్లవాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళూ యానాదులూ దాని కిందకి వచ్చారు. గుంటూరు వైపు స్టూవర్ట్‌పురం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్ళతిప్ప సెటిల్మెంట్లు వెలిశాయి. హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. చుట్టం రావటం, చుట్టం ఇంటికి పోవటం అనుమానపు పనులయ్యాయి. ఆ చట్టం 1952లో పోయింది. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు యానాదుల కోసం జీవితకాలం పనిచేశారు. 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు.

ఆ తర్వాత పక్కా ఇళ్ళొచ్చాయి. రావాల్సిందే. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ, 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2016లో ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్. పట్టా చేతిలో ఉన్న ఇంటి విలువ, పట్టా లేక పదేపదే ఖాళీ చేయించబడిన మనకే బాగా తెలుసు. గ్రామీణ ఆవాస్‌లో ఇంటి కనీస కొలత, లోపల వంటకి చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు. వాకిలికి కొలత రాసిలేదు.

రాష్ట్రంలో 2020 నాటి స్థలాల పంపిణీలో పల్లెకి సెంటున్నర, పట్టణానికి సెంటు. సెంటున్నర అంటే 653 చదరపు అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు కడితే 313 మిగులుతుంది. పట్టణంలో సెంటుకి మిగిలేది 95. అందులోంచే దారి, నీళ్ళ తొట్టి, మరుగుదొడ్డి. చుట్టం వస్తే రోడ్డు మీద కుర్చీ వేయాల్సిందే.

మా హాస్టల్లో చిన్నపిల్లల్ని ఇల్లు గీయమంటే పలకంత ఇల్లు గీసి, పక్కన చెట్టు, పొయ్యి, కుక్క, కూర్చున్న మనుషులు గీస్తారు. ఎనిమిదో తరగతికొచ్చేసరికి పెట్టె లాంటి ఇల్లొక్కటే మిగులుతుంది. చూడటానికొచ్చిన అమ్మానాన్నలు గదిలో కుర్చీలున్నా వేపచెట్టు కిందే కూర్చుంటారు. మేము చాపలు అక్కడే వేయిస్తున్నాం.

ఇక చేయగలిగింది

పునాది ముగ్గు పోసే రోజే మాట్లాడుకుంటే సగం పని అవుతుంది. ఇంటిని స్థలం నడిమధ్యలో పెడితే నాలుగు వైపులా ఎందుకూ పనికిరాని సందులు మిగులుతాయి. వెనక్కి జరిపితే మిగిలిన అడుగులన్నీ ముందు ఒకే చోటికి వస్తాయి. తలుపు పక్కన అడుగున్నర ఎత్తు తిన్నె, దాని మీద కడప బండ, ముందు పందిరి, పడమట ఒక వేపచెట్టు. పొయ్యి పందిరి అంచున ఉంటే పొగ ఇంట్లోకి రాదు, వండే ఆడమనిషి మాటల్లోంచి వేరుపడదు. నాలుగిళ్ళవాళ్ళు ఒప్పుకుని గోడలు కట్టకుండా ఉంటే నాలుగు చిన్న వాకిళ్ళు ఒక పెద్ద వాకిలవుతుంది.

ఈ సంచిక చదివే యువతకి ఒక పని చెబుతున్నాం. మీ అవ్వని, తాతని కూర్చోబెట్టుకుని, వాళ్ళ చిన్ననాటి ఇంటిని నేల మీద గీయించండి. పొయ్యి ఎక్కడ, చాప ఎక్కడ, చుట్టం ఎటువైపు నుంచి వచ్చేవాడు అడిగి కాగితం మీదకి ఎక్కించండి. మీ పేటకి కొత్త ఇళ్ళు మంజూరైన రోజు ఆ కాగితం తీసుకుని హౌసింగ్ ఇంజనీరు దగ్గరికి వెళ్ళండి.