ఆషాఢంలో ఇంటి రిజిస్ట్రేషన్‌ చేయించుకోవచ్చా?

హైదరాబాద్‌లో ఫ్లాట్‌ నచ్చింది. ధర కుదిరింది. బ్యాంకు లోన్‌ కూడా ఓకే అయింది. ఇంతలో ఇంట్లో పెద్దవాళ్లు ‘ఆషాఢం వెళ్లనివ్వండి’ అన్నారు. ఏం చేయాలి?

రిజిస్ట్రేషన్‌ చట్టానికి మంచి నెల, చెడ్డ నెల అంటూ లేవు. సెలవులు మినహా సబ్‌రిజిస్ట్రార్‌ కార్యాలయాలు ఆషాఢం, పుష్యం, మూఢాల్లోనూ తెరిచే ఉంటాయి. పంచాంగం చూసేది జనమే. ఈ రోజుల్లో కొనేవాళ్లు తగ్గుతారు కాబట్టి, డబ్బు అవసరమున్న యజమాని బేరానికి దిగొస్తాడు. అదే శ్రావణం వచ్చిందంటే మంచి రోజుల్లో స్లాట్ల కోసం పోటీ. ఆషాఢంలో రిజిస్ట్రేషన్‌ చేయించుకుని, గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకుంటే సరిపోతుంది. రెండూ వేర్వేరు పనులు.

ఆగితే నష్టం ఉంటుందా? 2021లో ఉంది. ఆ ఏడాది జులై 22 నుంచి తెలంగాణలో రిజిస్ట్రేషన్‌ ఖర్చు స్టాంపు డ్యూటీతో కలిపి 6 నుంచి 7.5 శాతానికి పెరిగింది. సరిగ్గా ఆషాఢం నడుస్తున్న రోజులవి. శ్రావణం కోసం ఆగినవారికి రూ.50 లక్షల ఇంటిపై రూ.75 వేలు అదనంగా పడింది. మార్కెట్‌ విలువలూ అప్పుడే పెరగడంతో కొందరికి భారం ఇంకా ఎక్కువైంది. 2022 ఫిబ్రవరిలో ఆ విలువల్ని మళ్లీ పెంచారు.

పెద్దలు మంచి రోజే కావాలంటే ఒక వెసులుబాటు ఉంది. దస్తావేజుపై సంతకాలు చేసిన తేదీ నుంచి 4 నెలల్లోగా దాన్ని రిజిస్ట్రేషన్‌కు సమర్పించొచ్చు. అలాగని సంతకాల రోజే సొమ్మంతా చేతిలో పెట్టేయకండి. రిజిస్ట్రేషన్‌ పూర్తయ్యేదాకా ఇల్లు మీది కానట్టే.

నిజానికి పంచాంగం కంటే ఎండావానలే ఇంటి గుట్టు విప్పుతాయి. డిసెంబరులో చూస్తే ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం 3 గంటలకు టాప్‌ ఫ్లోర్‌లో పడమటి గదిలో పది నిమిషాలు నిలబడి చూడండి. బోరు పోస్తోందా, ట్యాంకర్లే దిక్కా అన్నది వాచ్‌మన్‌ను అడగండి. అపార్ట్‌మెంట్‌ సంఘం దగ్గర మార్చి నుంచి మే వరకు మెయింటెనెన్స్‌ లెక్కలు చూస్తే ఇంకా మంచిది. వాచ్‌మన్‌ మొహమాటపడొచ్చు, లెక్కలు పడవు.

రెండోసారి గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్లండి. సెల్లార్‌లో నీరు నిలిచిందా, స్లాబు మూలల్లో చెమ్మ ఉందా చూడండి. వానలు వెలిశాక వేసిన కొత్త రంగు చాలా మచ్చల్ని దాచేస్తుంది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కాలనీలు మునిగాయి. అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో వీధి చివర కిరాణా కొట్టులో అడిగితే చెబుతారు. దగ్గర్లో చెరువుంటే దాని ఎఫ్‌టీఎల్‌ హద్దుల్ని హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్లో సరిచూసుకోండి. ఈసీలో ఈ సంగతి ఉండదు.

మీరు అమ్మేవారైతే వేసవిని వదులుకోవద్దు. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇల్లు మారాలనుకునే కుటుంబాలు అప్పుడే తిరుగుతుంటాయి. మీ బోరులో మే నెలలోనూ నీళ్లుంటే ఆ మాట ప్రకటనలో మొదటి వరుసలోనే రాయండి.