జాబితాలో లేని పిల్లలు

1989 నవంబరు 28, మంగళవారం. వాషింగ్టన్‌లోని అమెరికా సుప్రీంకోర్టు. పిలుపుకొచ్చిన కేసు సలివన్ వర్సెస్ జెబ్లీ.

సలివన్ అంటే ఆరోగ్య, మానవ సేవల శాఖ మంత్రి లూయీ సలివన్. జెబ్లీ అంటే బ్రయన్ జెబ్లీ అనే పిల్లాడు. మంత్రి తరఫున వాదిస్తున్నది ఎడ్విన్ నీడ్లర్. పిల్లాడి తరఫున నిలబడింది రిచర్డ్ వైస్‌హాప్ట్. ఈయన పెద్ద ఫీజుల లాయరు కాదు. ఫిలడెల్ఫియాలో పేదల కేసుల్ని ఉచితంగా వాదించే కమ్యూనిటీ లీగల్ సర్వీసెస్ సంస్థలో పనిచేసేవాడు.

పైకి చూస్తే తగాదా చిన్నదే. వైకల్యమున్న ఒక పేదింటి పిల్లాడికి నెలనెలా కొంత డబ్బు ఇవ్వాలా, అక్కర్లేదా అని. కానీ ఆ ఒక్క పేరు వెనక లక్షల ఫైళ్లున్నాయి. అన్నిటి మీదా ఒకటే జవాబు: కుదరదు.

ఫైలు ఎక్కడ ఆగింది?

అమెరికాలో 1972లో ఒక చట్టం వచ్చింది. ముసలివాళ్లు, చూపు లేనివాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లలో పేదలకు నెలనెలా సాయం చేసే పథకం అది. పేరు సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్, అందరూ ఎస్‌ఎస్‌ఐ అంటారు. చెల్లింపులు 1974 జనవరిలో మొదలయ్యాయి. ఉద్యోగం చేసి పన్ను కట్టినవాళ్లకిచ్చే వైకల్య బీమా వేరు, ఇది వేరు. దీనికి వైకల్యం ఒక్కటే చాలదు, ఇంట్లో లేమి కూడా రుజువు కావాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంపాదనలో కొంత భాగాన్ని పిల్లల ఆదాయంగానే లెక్కగడతారు. 1990లో ఒక మనిషికి కేంద్రం ఇచ్చింది నెలకు గరిష్ఠంగా 386 డాలర్లు.

చట్టంలో పిల్లల ప్రస్తావన ఒక బ్రాకెట్‌లో ఉంది. పెద్దవాళ్లను పనికి దూరం చేసే వైకల్యంతో సరితూగేంత తీవ్రత పిల్లల్లో ఉంటే వాళ్లూ అర్హులేనని దాని సారాంశం. అమలుకొచ్చేసరికి చిక్కొచ్చి పడింది.

పెద్దాయన ఒకరు దరఖాస్తు పెట్టుకున్నారనుకుందాం. అధికారి ముందు జబ్బుల జాబితా తీస్తాడు. ఏ జబ్బుకు ఏ లక్షణాలు, ఏ పరీక్షలో ఎంత ఫలితం ఉండాలో అందులో రాసి ఉంటుంది. సరిపోతే మంజూరు. సరిపోకపోయినా కథ అక్కడితో అయిపోదు. ఈ మనిషి పాత పని చేయగలడా, ఇంకో పనైనా చేయగలడా అని విడిగా చూడాలి. జాబితా దాటి వెళ్లడానికి ఆయనకు ఇంకో దారి ఉంది.

పిల్లాడి ఫైలు వస్తే అదే అధికారి అదే జాబితా తీస్తాడు. సరిపోతే మంజూరు. సరిపోకపోతే తిరస్కారం, ఫైలు మూసెయ్యడమే. పిల్లలు ఉద్యోగాలు చెయ్యరు కాబట్టి పని చేయగలరా అన్న ప్రశ్న రాదు. దాని బదులు ఇంకో ప్రశ్న వెయ్యాలని రూల్సులో లేదు.

మరి ఆ జాబితాలో ఏం లేవు? సుప్రీంకోర్టే తర్వాత తీర్పులో ఏకరువు పెట్టింది: డౌన్ సిండ్రోమ్, ఆటిజం, కండరాల క్షీణత, స్పైనా బైఫిడా, ఎయిడ్స్. పిల్లల డాక్టర్లకు బాగా తెలిసిన ఈ జబ్బులకు అప్పట్లో ప్రత్యేకంగా పద్దే లేదు. రెండు మూడు సమస్యలు కలిసి బతుకును కుదేలు చేస్తున్నా, వాటిలో ఏ ఒక్కటీ పూర్తి కొలతకు రాకపోతే చాలా ఫైళ్ల గతి అంతే. బ్రయన్‌కు పుట్టుకతోనే మెదడు దెబ్బతింది. ఎదుగుదల ఆలస్యమైంది, కళ్ల సమస్య ఉంది, కండరాల సమస్యా ఉంది. జాబితా పెట్టి చూస్తే అతడు అర్హుడు కాకుండా పోయాడు.

డాక్టరు అడగని ప్రశ్నలు

ఇలాంటి తిరస్కార పత్రం పట్టుకుని ఒక తల్లి లీగల్ ఎయిడ్ ఆఫీసు మెట్లెక్కితే ఏం జరుగుతుంది? కింది సంభాషణ కోర్టు రికార్డులోది కాదు. ఈ కేసులు చూసే ఏ ఆఫీసులోనైనా నడిచే తరహా మాటలివి.

“బాబు సరిగ్గా తింటాడామ్మా?”

“తింటాడండీ. తిండికేం ఇబ్బంది లేదు.”

“తనంతట తనే తింటాడా?”

“అబ్బే, నేనే తినిపించాలి. గొంతులో అడ్డం పడుతుందేమోనని పక్కనుంచి కదలను.”

“ఒక పూట తినడానికి ఎంతసేపు పడుతుంది?”

“గంటకు తక్కువ కాదు. అందుకే పనికి కుదరడం లేదు.”

“చొక్కా తొడుక్కోవడం, బొత్తాలు పెట్టుకోవడం?”

“నేనే వెయ్యాలి.”

“ఇదంతా డాక్టరు కాగితంలో ఉందా?”

“ఆయన అడగలేదండీ. నేను చెప్పలేదు.”

కేసు దొరికేది ఇక్కడే. తల్లి అబద్ధమాడలేదు, డాక్టరు తప్పు రాయలేదు. కాకపోతే ఫైల్లో జబ్బు పేరుంది కానీ పిల్లాడి రోజు లేదు. లీగల్ ఎయిడ్ లాయరు చేసే పనిలో సగం ఆ రోజును కాగితం మీదికి ఎక్కించడమే. టీచరు దగ్గర నుంచి రాతపూర్వకంగా వివరాలు తెప్పించడం, థెరపిస్టు నోట్సు సంపాదించడం, పాత ఆస్పత్రి రికార్డులు తవ్వడం, డాక్టరుకు సరైన ప్రశ్నలు పంపి జవాబులు రాయించడం. విచారణలో ఉపన్యాసం దంచడం కన్నా దీని విలువే ఎక్కువ.

అయితే ఫిలడెల్ఫియా లాయర్లకు ఇంకో సంగతి తట్టింది. ఎంత మంచి ఫైలు కట్టినా, దాన్ని చదవాల్సిన పని అధికారికి లేనప్పుడు ఏం లాభం? ఒక్కో ఫైలుతో కొట్లాడితే ఒక్కో పిల్లాడే గట్టెక్కుతాడు. మార్చాల్సింది నిబంధనను. అందుకే 1983లో బ్రయన్ పేరు మీద, అలాంటి పిల్లలందరి తరఫునా ఫెడరల్ కోర్టులో క్లాస్ యాక్షన్ దావా వేశారు. జొనాథన్ స్టైన్, వైస్‌హాప్ట్ ఈ కేసును ముందుండి నడిపించారు.

జిల్లా కోర్టులో ఓడిపోయారు. 1988లో అప్పీలు కోర్టు పిల్లల వైపు మొగ్గింది. దాని మీద ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఏడుగురు అవునన్నారు

ప్రభుత్వ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పిల్లలకు ఉద్యోగాలుండవు, కాబట్టి పెద్దవాళ్లకు పెట్టే ‘పని’ పరీక్ష వాళ్లకు నప్పదు. ఒక్కొక్క పిల్లాణ్నీ విడిగా తూచాలంటే దేంతో తూచాలి?

1990 ఫిబ్రవరి 20న తీర్పు వచ్చింది. ఏడుగురు పిల్లల పక్షం, ఇద్దరు ప్రభుత్వ పక్షం. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్. విభేదించింది జస్టిస్ వైట్, ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్. దేంతో తూచాలన్నదానికి బ్లాక్‌మన్ ఇచ్చిన జవాబు చాలా మామూలుగా ఉంటుంది. ఆ వయసు పిల్లలు రోజూ చేసే పనులు చూడండి అన్నారు. మాట్లాడటం, నడవడం, కడుక్కోవడం, బట్టలేసుకోవడం, తినడం, బడికెళ్లడం, ఆడుకోవడం. పెద్దవాడు ఏ పని చేయగలడో తేల్చడం కన్నా ఇది కష్టమేమీ కాదన్నారు.

లీగల్ ఎయిడ్ ఆఫీసులో ఆ తల్లిని అడిగిన ప్రశ్నలే దేశమంతా అడగాల్సిన ప్రశ్నలయ్యాయి.

తీర్పు అమలూ ఆషామాషీగా సాగలేదు. 1991లో కొత్త నిబంధనలు వచ్చాయి. 1980 నుంచి తిరస్కరణకు గురైన పిల్లల్ని మళ్లీ పిలవాలని ఒప్పందం కుదిరింది. దాదాపు నాలుగున్నర లక్షల కుటుంబాలకు ఉత్తరాలు వెళ్లాయి. లక్షకు పైగా పిల్లలు అర్హులుగా తేలారు, పాత బకాయిలతో సహా. 1989 చివర్లో ఎస్‌ఎస్‌ఐ అందుకుంటున్న పిల్లలు సుమారు 2,65,000 మంది. 1996 చివరికి ఆ సంఖ్య 9,50,000 దాటింది. పెరుగుదలంతా తీర్పు పుణ్యమే కాదు, మానసిక వైకల్యాల జాబితాను మార్చడం, పేదరికం పెరగడం కూడా తోడయ్యాయి.

1996 దెబ్బ

సంఖ్య పెరిగేకొద్దీ విమర్శలూ పెరిగాయి. తల్లిదండ్రులే పిల్లల్ని బడిలో సరిగా చదవొద్దని ఉసిగొల్పుతున్నారని పుకార్లు పుట్టాయి. 1996 ఆగస్టు 22న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణల చట్టం, జెబ్లీ కేసు నిలబడ్డ ఆ బ్రాకెట్‌నే తీసేసి పిల్లలకు మరింత కఠినమైన నిర్వచనం పెట్టింది. పాత లబ్ధిదారులకు పునఃపరిశీలన నోటీసులు వెళ్లాయి. లక్ష మందికి పైగా పిల్లలకు సాయం ఆపేస్తున్నామన్నారు. అప్పీలుకు 60 రోజుల గడువు. అప్పీలు తేలేదాకా డబ్బు ఆగకుండా ఉండాలంటే మాత్రం 10 రోజుల్లోనే అడగాలి. ఓడితే తిరిగి కట్టాల్సి వస్తుందన్న భయంతో ఎందరో అడగనే లేదు. ఊరూరా లాయర్లు ఉచితంగా కేసులు తీసుకున్నారు. 1997 డిసెంబరులో, ఎస్‌ఎస్‌ఐని నడిపే సోషల్ సెక్యూరిటీ శాఖ కమిషనర్ కెన్నెత్ ఆప్‌ఫెల్ లోపాలున్నాయని ఒప్పుకుని, అప్పీలుకు మరో అవకాశమిచ్చారు.

1996లోనే, ఆ సంక్షేమ చట్టం చేసిన కాంగ్రెసే ఇంకో పనీ చేసింది. కేంద్ర నిధులు తీసుకునే లీగల్ ఎయిడ్ సంస్థలు క్లాస్ యాక్షన్లు వెయ్యకూడదంది. జెబ్లీ లాంటి కేసు మళ్లీ రాకుండా తలుపు మూసినట్టే. ఫిలడెల్ఫియా సంస్థ ఆ నిధుల్ని వదులుకుంది, హక్కును వదులుకోలేదు.

ఇవాళ ఎస్‌ఎస్‌ఐకి దరఖాస్తు చేసే కుటుంబానికి లాయరు తప్పనిసరి కాదు. పెట్టుకుంటే లీగల్ ఎయిడ్‌లో ఉచితం. ప్రైవేటు లాయరుతో మామూలు ఒప్పందమైతే గెలిస్తేనే ఫీజు, అదీ పాత బకాయిలో నాలుగో వంతు మించకుండా. 2024 నవంబరు చివర్లో దానికి 9,200 డాలర్ల పరిమితి పెట్టారు. అమెరికాలో పుట్టి అక్కడి పౌరులైన మన తెలుగు పిల్లలకు అమ్మానాన్నల వీసా అడ్డు కాదు. అడ్డొస్తే వచ్చేది ఎక్కువగా ఇంటి ఆదాయమే.

1996 చట్టం నిర్వచనాన్ని మార్చింది కానీ ప్రశ్నను చెరపలేకపోయింది. జాబితాకు సరిపోని పిల్లాణ్ని ఇప్పటికీ ఆరు విషయాల్లో చూడాలని నిబంధన: నేర్చుకోవడం, ధ్యాస నిలపడం, నలుగురితో మెలగడం, కదలడం, తన పని తాను చూసుకోవడం, ఆరోగ్యం. రెండింటిలో బాగా వెనకబడినా, ఒక్కదానిలో మరీ తీవ్రంగా వెనకబడినా అర్హుడే. లాయరు ఇవాళ ఫైలు కట్టేది ఈ ఆరింటి ప్రకారమే. కాబట్టి తిరస్కార పత్రం వస్తే దాన్ని చూసి నిరాశపడొద్దు. ఈ ఆరింటిలో దేని గురించి ఆఫీసు అడగలేదో చూసుకుని, 60 రోజులు దాటకముందే లీగల్ ఎయిడ్ తలుపు తట్టాలి.