మధుమేహము – క్షయ – ఊపిరితిత్తులు

ఆర్మూరు మార్కెట్టులో పసుపు కొమ్ముల కుప్పలనుండి లేచు ధూళికి దగ్గు వచ్చుట సహజమే. కాని దగ్గు 2 వారములు దాటినచో నెపము ధూళిమీదకు నెట్టరాదు. మధుమేహము గలవారు అసలే నెట్టరాదు.

మధుమేహ రోగులకు తరచు క్షయ సోకునని 11వ శతాబ్దములోనే ఇబ్న్ సీనా అను వైద్యుడు గుర్తించినాడు. క్షయ క్రిమిని 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్నాడు. 1915లో మదనపల్లె వద్ద ఆరోగ్యవరములో క్షయ శానిటోరియము వెలసినది. ఆనాటి చికిత్స విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము. 1922లో ఇన్సులిన్ వాడుకలోనికి వచ్చి మధుమేహ రోగుల ఆయువు పెరిగినది. క్షయ బెడద మాత్రము తీరలేదు.

కారణమేమి? రక్తములో చక్కెర హెచ్చినపుడు క్రిములను మ్రింగు కణములు మందగించును. మరొకవంక స్వల్పమైన శోథ, నివురుగప్పిన నిప్పువలె, శరీరమంతటా ఎడతెగక ఉండును. అందువలన మధుమేహులకు క్షయ ముప్పు ఇతరులకంటె 2, 3 రెట్లు అధికము.

1815లో పసుపునుండి వేరుచేసిన కర్కుమిన్ శోథను తగ్గించునని ప్రయోగశాలలలో తేలినది. కాని తిన్నదానిలో రక్తమునకు చేరునది అత్యల్పము. కనుక పసుపుపాలు మందుకు బదులు కాజాలవు. తెమడ పరీక్ష, చక్కెర పరీక్ష – రెండును జతగా జరుగవలెను. 2017లో భారత ప్రభుత్వము ప్రకటించిన విధానము కూడ ఇదియే.