కమ్మరి కొలిమి – కత్తి పనిముట్లు : పదజాల చారిత్రక పరిశీలన

తెలుగుదేశమున పూర్వము తయారైన ఉక్కును గూర్చి స్వదేశీయులును విదేశీయులును వ్రాసినది తక్కువ కాదు. కాని ఆ వ్రాతలలో పెక్కింటియందు ఉక్కుముద్ద మూసనుండి వెలువడుటతోనే కథ ముగియుచున్నది. ఆ ముద్ద కత్తిగా మారిన విధమును, మార్చిన చేతిపనిముట్లను, వాని పేర్లను చరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు. ఇంటి ముంగిట కొలిమి పెట్టుకొని కత్తి చేయు కమ్మరికి తప్పనిసరియైన పనిముట్లెవ్వి? వాని పేర్లు మనకేమి తెలుపును? ఆ పనిముట్లన్నియు సమకూడినంతమాత్రమున కత్తి సిద్ధించునా? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింతును.

మొదట ఆధారములను చూతము. పూర్వపు కరీంనగరు జిల్లాలో శాతవాహనకాలపు పొరలయందు కమ్మరి పనిస్థల మొకటి త్రవ్వకములలో బయల్పడినది. ఆ కాలపు పొరలనుండియే కొడవండ్లు, గొడ్డండ్లు, నాగటికర్రులు మొదలైన ఇనుపవస్తువులును లభించినవి. కాన ఈ ప్రాంతమున కొలిమి సుమారు రెండువేల యేండ్లనుండి వెలుగుచున్నదని చెప్పుటకు సందేహింప నక్కరలేదు. ఇటీవలి శతాబ్దములకు వచ్చినచో, బెంజమిన్ హైన్ 1814లో లండనున ప్రకటించిన సంపుటియందు నూజివీటి దాపునగల రామనక్కపేట ఇనుపకొలుములను వర్ణించెను. మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయిసీ నేటి నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమున ఉక్కు తీయు విధమును చూచి వ్రాసెను. అతడు 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడినది. రెండు విధములైన ఇనుమును కలిపి మూసలో పెట్టి, మట్టితో మూతిని కప్పి, రాత్రింబవళ్లు కాచి కరగించుటయు, ఇస్ఫహాను నగరమునుండి వర్తకుడు వచ్చి ఆ ముద్దలను కొనుటయు అందు వర్ణింపబడినవి. శారదా శ్రీనివాసన్, రంగనాథన్ గార్లు 2004లో ప్రకటించిన గ్రంథమును, ఉత్తర తెలంగాణ క్షేత్రపరిశీలనపై 2011లో వెలువడిన నివేదికయు ఈ విషయమును శాస్త్రదృష్టితో విస్తరించినవి. ఈ రచనలలో ప్రధానముగా చర్చింపబడినది లోహోత్పత్తి. సుత్తె దాగలిపై పడుటతో మొదలగు తరువాతి ఘట్టమునకు మనకు మిగిలిన ముఖ్యాధారము కమ్మరుల వాడుకలోని మాటలే.

కత్తి చేయు కమ్మరి పనిముట్ల పట్టిక చిన్నది. కొలిమి, తిత్తి, దాగలి, సుత్తె, సమ్మెట, పట్టుకారు, ఉలి, ఆకురాయి, సాన, నీటితొట్టి – ఇంతే. పిడికి చీలలు దిగగొట్టుటకు బెజ్జము కావలసినప్పుడు బరమా ఈ పట్టికలో చేరును.

కొలిమి యనగా నేలలో త్రవ్విన నిస్సారమైన గుంట, అందు కట్టెబొగ్గు. దానికి గాలి నందించునది తోలుతిత్తి. ఒక తిత్తి నొక్కునపుడు రెండవది గాలి పీల్చుకొనునట్లు జంటగా అమర్చినచో గాలి తెగక వచ్చును. దాగలి మొద్దులో దిగగొట్టిన ఇనుపదిమ్మె. ఐరోపా కమ్మరుల దాగలికి కొమ్మువలె చాచుకొన్న మొన యుండును. వారు నిలిచి పనిచేయుటచే అది ఎత్తుగా నుండును. మన కమ్మరి కూర్చుండి పనిచేయును గనుక అతని దాగలి నేల కంటియుండును. సుత్తె కమ్మరి చేతిలోనిది. సమ్మెట ఎదుట నిలిచినవారి చేతిలోనిది. కమ్మరి సుత్తెతో తట్టి చూపినచోట సమ్మెట పడవలెను. తిత్తి త్రొక్కుటకో, సమ్మెట ఎత్తుటకో ఇంటిలోని స్త్రీలును పూనుకొనుట కమ్మరి కుటుంబములలో సామాన్యము. కావున ఈ పనిస్థలము ఇంటిని ఆనుకొని యుండుటయే కాదు, ఇంటిల్లిపాది శ్రమతో నడచునది. ఇనుముతో కూడిన నిప్పునకు సమ్మెటపోటు తప్పదను సామెత ఈ పనిముట్టు జనుల నోట ఎంతగా నాటుకొన్నదో తెలుపుచున్నది.

పట్టుకారునందు ఇంకొక విశేషము కలదు. పట్టుకొనవలసిన వస్తువునుబట్టి దాని నోరు మారును: బల్లపరుపు బద్దకు ఒకటి, గుండ్రని కడ్డీకి ఒకటి. సరిగా పట్టని పట్టుకారుతో కాలిన ఇనుమును ఎత్తుట చేతికి అపాయము. కావున కమ్మరి అవసరము కలిగినపుడెల్ల దానిని తానే చేసికొనును. సాలె మగ్గమును వడ్రంగి చేయును. వడ్రంగి బాడిసెను కమ్మరి చేయును. కమ్మరి పట్టుకారును, ఉలిని, సుత్తెను కమ్మరియే చేయును. తన పనిముట్లలో పెక్కింటిని తానే పుట్టించుకొనగల చేతివృత్తి ఇది. పట్టిక చిన్నదిగా నుండుటకు ఇదియొక కారణము.

ఇక పేర్లు. కొలిమి, తిత్తి, దాగలి, సుత్తె, సమ్మెట, పట్టుకారు, ఉలి – ఇవి దేశ్యపదములు. తమిళమున కమ్మరిని కొల్లన్ అందురు. మన కొలిమికిని ఆ మాటకును మూలము ఒక్కటేయని ద్రావిడభాషావేత్తలు నిరూపించిరి. సుత్తె, సమ్మెట, ఉలి శబ్దములకును తమిళమున సజాతీయములు కలవు. కమ్మరి యను పేరును మాత్రము సంస్కృత కర్మార శబ్దమునుండి ప్రాకృతము ద్వారా వచ్చినదిగా తలంతురు. వృత్తివాని పేరు బయటినుండి వచ్చినను అతని చేతిలోని పనిముట్టు పేరు మారకపోవుట గమనింపదగినది. సాన సంస్కృత శాణ శబ్దభవము. బరమా, చాకు అను మాటలు పారసీకమునుండి ఉర్దూ ద్వారా తెలుగున చేరినవి. కత్తిని బిగించి పట్టు వైసు, ఇనుమును కోయు హాక్సా ఆంగ్లేయుల కర్మాగారములతో వచ్చినవి.

ఈ పొరలను పనిక్రమముతో సరిపోల్చినపుడు ఒక విషయము స్పష్టమగును. నిప్పుతోను, దెబ్బతోను చేయు పనికి సంబంధించిన పేర్లు దేశ్యములు. చల్లారిన లోహముపై చేయు సాన, బెజ్జము, బిగింపు, కోత మొదలగు పనులలో పరభాషాపదములు ఎక్కువ. రూపకల్పన పాతచేతిలోనే నిలిచినదనియు, తీర్పుపనిలో కాలానుగుణముగా క్రొత్త సాధనములు చేరినవనియు దీనివలన ఊహింపవచ్చును. అయినను పేరొక్కటే ప్రమాణము కానేరదు. ఆకురాయి దీనికి నిదర్శనము. నేడది పండ్లుగల ఉక్కుబద్ద. పేరున మాత్రము రాయి నిలిచియున్నది. పూర్వము ఆ పనిని రాయియే చేయుచుండెనేమో యనుటకు ఈ పేరు అవకాశ మిచ్చుచున్నది. వస్తువు మారినను పేరు మారకపోవచ్చును గనుక, దేశ్యపదము కనబడినంతనే వస్తువును ప్రాచీనమనుట తొందరపాటగును.

మూడవ ప్రశ్నకు సమాధానము లండనులో దొరకును. బొంబాయినుండి హెలెనస్ స్కాట్ పంపిన ఉక్కుముద్దలను పరీక్షించి జార్జి పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి నివేదిక సమర్పించెను. ఊట్జ్ అను పేరు దానివలన ప్రసిద్ధికెక్కినది. తెలుగు కన్నడముల ఉక్కు శబ్దమే ఆ రూపమున వికృతి చెందినదని పలువురు తలంచుచున్నారు. ఆ ముద్దను కత్తిగా సాగగొట్టినవాడు జేమ్స్ స్టోడార్ట్. అతడు లండనులో కత్తులును శస్త్రవైద్యపరికరములును చేయువాడు. ఐరోపా ఉక్కులలో మేలైనదానికంటెను ఈ భారతదేశపు ఉక్కునే తాను మేలుగా ఎంచుదునని అతడు తన వ్యాపారపత్రముపై ముద్రించుకొనెను. తరువాత మైకేల్ ఫారడేతో కలిసి 1820లో ఉక్కుమిశ్రమములపై పరిశోధనలను ప్రకటించెను.

అయితే స్టోడార్టునకు లొంగిన ఉక్కు ఐరోపాలో అందరికిని లొంగలేదు. వారికి సుత్తెలు లేకపోలేదు, దాగళ్లు లేకపోలేదు. లోపము కాకలో నున్నది. ఈ ఉక్కునందు నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు కర్బనము కలదు. మెత్తని ఇనుమునకు అలవాటుపడిన కమ్మరి దానినిగూడ తెల్లనగునంతవరకు కాల్చినచో, లోపలి కణముల హద్దులు కరగనారంభించి, మొదటి దెబ్బకే అది పొడిపొడి యగును. ఎర్రని కాకలో, మెల్లని దెబ్బలతో, మరల మరల కాచుచు సాగగొట్టినప్పుడే అది కత్తియగును. ముద్ద ఓడ యెక్కి పోయినది. దానితో కూడ పోవలసిన ఎరుక వెనుకనే నిలిచిపోయినది.

ఆ ఎరుకకు తెలుగున ఒక పేరు కలదు: పదును. కత్తి అంచు వాడిగా నుండుట పదును. కాచిన ఉక్కును నీట ముంచి గట్టిపరచుటయు పదును పెట్టుటయే. రైతు నోట ఇదే మాట వేరుగా వినబడును: వాన కురిసిన పిదప దున్నుటకో విత్తుటకో తగినంత తడి నేలలో నున్నప్పుడు అతడు నేల పదునుమీద నున్నదనును. నీరు కత్తికిని నేలకును సామాన్యము గాన తడియే మూలార్థమని తోచవచ్చును. కాని తమిళమున పదం, కన్నడమున హద అను సజాతీయపదములకు తగిన స్థితి, పక్వత అను అర్థములు కలవు. కావున మూలార్థము తగిన స్థితియే యనియు, తడియు వాడియు దాని విశేషరూపములనియు చెప్పుట యుక్తము.

కొలిమిలో ఈ అర్థము అక్షరశః చెల్లును. ఎర్రగా కాచి నీట ముంచిన ఉక్కు గాజువలె పెళుసుబారును. క్రింద పడినచో విరుగును. దానిని మరల కొంచెము కాచి ఆ పెళుసుదనమును తగ్గింపవలెను. మెరుగుపెట్టిన అంచుపై సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లేత గడ్డిరంగు, 300 దాపున నీలము కనబడును. సన్నని కోతకత్తికి మొదటి రంగు చాలును. దెబ్బ తినవలసిన పనిముట్టునకు నీలమువైపు పోవలెను. ఒక్క నిమిషము మీరినచో పని చెడును. ఉష్ణమాపకము లేని కమ్మరి ఈ రంగులను కంటితోనే చదువును. ఎండలో కాక తెలియదు గనుకనే అతడు కొలిమిని నీడపట్టున పెట్టుకొనును. నేడు మూసలో పుట్టిన ఉక్కు అతనికి దొరకదు. పాతలారీల కమానుకట్టలనే కత్తులుగా మార్చుచున్నాడు. వానియందు కర్బనము నూటికి సుమారు అరపాలు మాత్రమే. లోహము మారినను, కాకయు రంగులును తెలిసిన కన్ను మారలేదు.

కావున పై పట్టిక కత్తికి చాలునా యను ప్రశ్నకు చాలదనియే సమాధానము. పనిముట్లు చేతికి అందును. పదును కంటికి అందవలెను. ఇందుండి పరిశోధకునకు ఒక కర్తవ్యము ఏర్పడుచున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన వ్యవసాయ పదకోశము వృత్తిపదములను శాస్త్రీయముగా సేకరించు మార్గమును చూపినది. ఆ మార్గమున కొలిమి వద్దకు పోవువారు వస్తువుల పేర్లతో తృప్తి పడరాదు. సుత్తె పేరు నిఘంటువునందు కలదు. కాకలోని తరతమములను, రంగులను, దెబ్బ మార్పులను, నీట ముంచు అదనును కమ్మరి ఏ మాటలతో బిడ్డకు నేర్పుచున్నాడో, ఆ మాటలలో ఎన్నియో నిఘంటువుల కెక్కవలసియున్నవి. అవి పని జరుగుచుండగా, కొలిమి ప్రక్కన కూర్చుండి వినవలసిన మాటలు. గ్రామములలో కొలుములు ఏటేట తగ్గుచున్నవి గాన ఈ సేకరణను వాయిదా వేయుటకు వీలు లేదు.